పైవాని ఎదుట కూర్చొనుట



గత మాసమున ఒక ఉదయము తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడకకు పోయితిమి. చెట్టునీడన ఒక బాలుడు చదరంగపు బల్ల ముందు దిగులుగా కూర్చుండెను. కారణమడిగితిమి.

"రేపు పోటీలో నా మొదటి ఆట, తాతగారూ. నాకు జతపడినాయన నాకన్న 400 పాయింట్లు ఎక్కువ. ఓడిపోవడానికి వెళ్ళడమెందుకు?" అనెను.

ఆ పోటీల పద్ధతియే అట్టిది. స్విస్ పద్ధతిలో ఆటగాండ్రను బలముననుసరించి వరుసగా నిలిపి, మొదటి రౌండులో పైసగమువానిని క్రిందిసగమువానితో జతపరచుదురు. 100 మంది యున్నచో ఒకటవవానికి 51వవాడు ఎదురగును. 400 పాయింట్ల అంతరమున్నచో 11 ఆటలలో చిన్నవానికి ఒక్క పాయింటు దక్కునని లెక్క. బాలుని భయము నిరాధారము కాదు.

అప్పుడు మా పాఠశాల దినములు జ్ఞప్తికి వచ్చినవి. మా 14వ యేట ఒక ఘనాపాఠిగారు మమ్ము పరీక్షింప వచ్చిరి. తప్పు దొరలునను భయముతో జ్వరమని చెప్పి పడుకొంటిమి. గురువుగారు కోపింపలేదు. "నీ తప్పును పట్టగలవారు వచ్చినారురా, వారినే నీవు తప్పించుకొంటివి" అని మాత్రమనిరి. ఆ స్వరదోషము మరి మూడేండ్లు మా నోట నిలిచెను. డెబ్బది దాటినను ఆ మాట గుండెలో ముల్లువలె నున్నది. దీనినే బాలునికి చెప్పితిమి.

పెద్దవారికిని ఇందు పాఠమున్నది. గుడివాడలో జన్మించిన శ్రీమతి కోనేరు హంపి 2002లో 15 ఏండ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిరి. 2019, 2024 సంవత్సరములలో ప్రపంచ ర్యాపిడ్ విజేతలు. 2025 జులైలో జార్జియా దేశపు బటూమి నగరమున మహిళల ప్రపంచ కప్ తుదిపోరున వారికెదురైన దివ్యా దేశ్‌ముఖ్‌కు 19 ఏండ్లు. అప్పటికింకను గ్రాండ్‌మాస్టర్ కాదు. రెండు పెద్ద ఆటలు సమమయ్యెను. 28వ తేదీన ర్యాపిడ్ ఆటలలో దివ్య గెలిచి, ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. పెద్ద పేరు విని ఆమె తప్పుకొనియున్నచో ఏమయ్యెడిది?

మన బాలుడు వెళ్ళెను. ఓడెను. మరునాడు తార్నాకలో మేము బసచేసిన యింటికి వచ్చి బల్ల పరచి, "ఇదిగో తాతగారూ, ఇక్కడ తొందరపడి శకటును కదిపాను. ఆట అయ్యాక ఆయనే చూపించారు" అనెను. మొగమున దిగులు లేదు.

ఉపాసన యనగా సమీపమున కూర్చొనుట. భగవంతుని ఎదుట మనమందరమును క్రిందిసగమువారమే. ఆయనను గెలుచుటకు గాదు, మన లోపము తెలిసికొని దిద్దుకొనుటకే ఆయన ఎదుట కూర్చొందుము. తప్పులు బయటపడునను వెరపుతో గుడిమెట్టు ఎక్కకుండుట జ్వరమని పడుకొనుట వంటిదే. రండు, కూర్చొనుడు.

స్వస్తి.