సత్రపు నేలకు తగిన పలకలు



శ్రీముఖలింగమున మన సంఘము కట్టదలచిన యాత్రిక సత్రమునకు నేలపలకలు, అనగా టైల్సు, ఎన్నుకొను పనిని కార్యవర్గమువారు మాకప్పగించిరి. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన వానికి ఈ పని యేల యని కొందరు నవ్వుకొనవచ్చును. నమూనాలలో అద్దమువలె మెరయు తెల్లపలకను పలువురు మెచ్చిరి. మేము సమ్మతింపలేదు, కారణము విన్నవింతుము.

ఈ క్షేత్రమునకు వచ్చువారెవరు? చక్రతీర్థ స్నానమునాడు వంశధారలో మునిగి, తడిబట్టలతో, ఇసుక యంటిన పాదములతో మధుకేశ్వరుని దర్శనమునకు నడచు వృద్ధులు. ఒడిశానుండియు వత్తురు. వారి పాదమే మనకు ప్రమాణము. కొన్నేండ్ల క్రిందట వేరొక క్షేత్రమున, ఒక సత్రములో మా యక్కగారు స్నానము చేసి వచ్చుచు నునుపు నేలపై జారి తుంటి యెముక విరుగగొట్టుకొనిరి. పిమ్మట ఆమె గడప దాటలేదు. ఆ నేల మిక్కిలి యందముగా నుండెను.

పలక గట్టిదనము వేరు, జారని గుణము వేరు. సిరామిక్ గోడపలక తన తూకములో నూటికి 10 పాళ్లకు మించి నీరు పీల్చును. విట్రిఫైడ్ పలక అరపాలునకు మించి పీల్చదు. కనుక నేలకు విట్రిఫైడే తగును; కాని దాని పైముఖము మెరుగుపెట్టనిదై యుండవలెను. ఆర్ 9 మొదలు ఆర్ 13 వరకు గల అంకెలను అంగడివారు చూపుదురు. అవి నూనె పోసిన వాలుపై బూట్లు తొడిగినవాడు నడచుటచే తేల్చినవి. సబ్బునీటిపై వట్టి పాదముల పరీక్షకు ఎ, బి, సి యని వేరు తరగతులున్నవి. వానిలో సి మేలైనది. చెప్పులు విడిచి తిరుగు మన సత్రమున స్నానశాలకు ఈ రెండవ లెక్కయే అడుగవలెను. అచ్చట చిన్న పలకలైనచో నీరు పోవు వాటము చక్కగా కుదురును, సందులలో పాదమునకు పట్టును దొరకును. పెట్టెలన్నియు ఒకే బ్యాచివిగా, నూటికి పది అధికముగా కొనవలెను. మరల అదే రంగు దొరకుట దుర్లభము.

గరుకు నేల మురికి పట్టునని సోదరీమణులు పలికినది నిజమే. దానిని తోముటకు ఒక మనిషియు, వాని జీతమును కావలెను. ఆ వ్యయమును ఇప్పుడే పద్దులో వ్రాసికొనుడు. తెల్లపలకను మెచ్చినవారు చిన్నబోనక్కరలేదు. వంటశాల గోడకు నిలువెత్తు దానినే వేయింతము.