అరవైకి దగ్గరలో మళ్లీ విల్లు పట్టాను

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. విల్లు గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు సంతోషపడి, "అల్లూరి, గంటందొర, మల్లుదొర, కొమురం భీం అందరూ వచ్చేస్తారు" అన్నారు. వాళ్ల గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడే ఉన్నారు. నేను చెప్పేది చిన్న సంగతి. 56 ఏళ్ల వయసులో బాణం వెయ్యడం మళ్లీ నేర్చుకున్నాను. అది ఎలా మొదలైందో, ఎన్ని తిప్పలు పడ్డానో చెబుతాను.

2022 ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, ఒక ఊళ్లో సభకు పిలిచారు. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, 2020 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాణ్ణి కదా, ఖాళీగా ఉన్నానని నాకూ ఒక శాలువా కప్పారు. చేతికి ఒక విల్లు ఇచ్చారు. మీరంతా చూసే ఉంటారు, ఇప్పుడు ప్రతి సభలోనూ అతిథులకు విల్లు ఇస్తున్నాం. ఫొటోగ్రాఫర్ "లాగండి సార్, లాగండి" అన్నాడు. చెవి దాకా లాగాను. ఫొటో అయిపోయింది. నారి వదిలేశాను. ఫట్‌మని చప్పుడు. పిడికి జానెడు పైన విల్లు నిలువునా చీలింది. జనం చప్పట్లు కొట్టారు. అది కూడా కార్యక్రమంలో భాగమనుకున్నట్టున్నారు.

కిందికి దిగితే మా ఊరి మావయ్య ఒకాయన నిలబడి ఉన్నాడు. అప్పటికే డెబ్భై అయిదు దాటాయి. "ఏం అల్లుడూ, బాణం లేకుండా నారి వదిలావేంటి? మీ నాయన చూసుంటే చెంప పగలగొట్టేవాడు" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో లెక్క ఉంది. విల్లు లాగినప్పుడు మన బలం అంతా దాని రెండు చేతుల్లోకి పోయి దాక్కుంటుంది. వదలగానే ఆ బలాన్ని బాణం పట్టుకుపోతుంది. బాణం లేకపోతే అదెక్కడికి పోతుంది? విల్లులోనే ఉండిపోయి విల్లునే చీలుస్తుంది. వెదురు విల్లయినా, లక్షలు పోసి కొన్న విల్లయినా ఇంతే. మా ఇళ్లల్లో ఆరేళ్ల పిల్లాడికి తెలిసిన ముక్క ఇది. ఆదివాసీ దినోత్సవం నాడు, ఆదివాసీ వేదిక మీద, నాకు తెలియలేదు.

తెలియలేదనడం కూడా అబద్ధమే. మర్చిపోవాలనే మర్చిపోయాను.

మాది చింతూరు వైపు, శబరికి దగ్గర. నాయన విల్లు దూలానికి వేలాడుతూ ఉండేది. నాకు అయిదేళ్లప్పుడు పుల్లంత విల్లు చేసిచ్చాడు. తాటికాయలను కొట్టేవాణ్ణి, ఒకసారి మా అమ్మ కుండనూ కొట్టాను. విత్తనాల పండగ, మన మాటలో విజ్జ పండుం వస్తే మగాళ్లంతా అడవికి పోయేవారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఏడిపించేవారు. నాయన మీద చల్లగా నేను చూడలేదు. అమ్మ మాత్రం ఒకటి రెండుసార్లు చల్లానని చెప్పుకునేది.

ఎనిమిదో ఏట హాస్టల్‌కి పోయాను. అక్కడ నాకు 'బాణంగాడు' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరు పెడితే బ్యానర్ మీద వేయించుకుంటాం. అప్పుడు దుప్పటి కప్పుకుని ఏడ్చేవాణ్ణి. పదో తరగతి వేసవి సెలవుల్లో పండగ వేటకి రమ్మని నాయన పిలిచాడు. "చదువుకోవాలి" అన్నాను. పరీక్షలు అప్పటికే అయిపోయాయి. ఆయనకి చదువు రాకపోయినా ఆ సంగతి తెలుసు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

ఆయన పోయాక ఆ విల్లు ఏమైందని నేను అడగలేదు. సభలో విల్లు విరిగిన రోజు సాయంత్రం మావయ్యని అడిగాను. "మీ అమ్మ చిక్కుడు పాదుకి ఊతం పెట్టింది. బాగానే కాసింది" అన్నాడు. అమ్మని తప్పు పట్టను. ఇంట్లో వేసేవాడు లేనప్పుడు అది కర్రే కదా.

ఆ శీతాకాలం ఊరెళ్లి మావయ్య ఇంట్లో నెల రోజులు ఉన్నాను. విల్లు చెయ్యడం నేర్పమన్నాను. ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలు. వేళ్లతో తడిమి చూసి చెబుతాడు. లేత వెదురు పనికిరాదు, మూడేళ్లు దాటి ముదిరినది కావాలి. లోపల బోలు తక్కువగా ఉన్న గట్టి రకం అయితే మరీ మంచిది. పై చెక్కు ముట్టుకోకూడదు, లోపలి వైపే చెక్కాలి. కొంచెం చెక్కడం, కొంచెం వంచి చూడడం. పైచెయ్యీ కిందిచెయ్యీ ఒకేలా వంగాలి. ఒకవైపు గట్టిగా ఉంటే భారమంతా రెండోవైపు పడి విరుగుతుంది. ఇది వినడానికి తేలిక. నేను మొదట చెక్కిన రెండూ విరిగాయి. మూడోది విరగలేదు గానీ, బాణం పది అడుగుల్లో పడింది. మావయ్య దాన్ని తడిమి, "ఇది కావిడి బద్దకి పనికొస్తుంది" అన్నాడు. నాలుగోది విల్లయింది.

మా వైపు నారి కూడా వెదురు బద్దే. సన్నగా చీల్చి, నునుపు చేసి, రెండు కొసల్లో నార తాడుతో ముడి వేస్తారు. ఆ ముడి నాకింకా సరిగ్గా రాదు. ఇప్పటికీ మావయ్య చేతే వేయించుకుంటాను. దాచుకోవడం ఎందుకు, నాకున్న పెద్ద భయం అదే. మా ఊళ్లో ఆ ముడి వేసే చేతులు ఇప్పుడు రెండే ఉన్నాయి, రెండూ ఆయనవే. సెల్‌ఫోన్లో వీడియో తీశాను. వీడియోలో వేళ్లు కనిపిస్తాయి, ఎంత బిగించాలో కనిపించదు. అందుకే ఇప్పుడు ప్రతిసారీ ఆయన సగం వేసి ఆపుతాడు, మిగతా సగం నేను వేస్తాను, ఆయన విప్పేస్తాడు.

ఇక వెయ్యడం సంగతి. ముప్ఫై ఏళ్లు స్తంభాలెక్కినవాణ్ణి, భుజాలకి లోటు లేదనుకున్నాను. విల్లు లాగడానికి భుజం కాదు, వీపు పనిచేస్తుంది. రెండు రెక్కల ఎముకలూ వెనక దగ్గరకు రావాలి. అది తెలియక చేతి బలంతో లాగి పది రోజులు అన్నం ముద్ద కలపలేకపోయాను. నారి తగిలి ఎడమ ముంజేయి నేరేడు పండులా కమిలింది. సైకిల్ ట్యూబు కోసి కట్టుకున్నాక తగ్గింది. మన వయసు వాళ్లెవరైనా మొదలుపెడితే, దయచేసి పిల్లలు లాగే మెత్తటి విల్లుతో మొదలుపెట్టండి. సిగ్గు పడక్కర్లేదు. నేను మూడు నెలలు దానితోనే వేశాను.

మొదటి నెల పదిహేను అడుగుల దూరం నుంచి ఇరవై బాణాలు వేస్తే మూడు గోనెసంచికి తగిలేవి. ఖమ్మంలో స్టేడియంకి వచ్చే ఒక కోచ్ కుర్రాణ్ణి అడిగితే, "ప్రతిసారీ ఒకే చోటికి లాగండి అంకుల్, వేలు నోటి మూలకి తగలాలి" అన్నాడు. మావయ్య రొమ్ము దాకానే లాగుతాడు. ఆయనది వేటగాడి పద్ధతి, చటుక్కున లాగి వదలాలి, జంతువు మన కోసం ఆగదు కదా. ఈయనొకటి, ఆయనొకటి. రెండూ విని, నేను నోటి మూలకే స్థిరపడ్డాను. గోనెసంచి ఎక్కడికీ పారిపోదు. ఇప్పుడు ముప్ఫై మీటర్ల నుంచి ఇరవైకి పదమూడో పద్నాలుగో తగులుతున్నాయి. మావయ్యకి గోనెసంచి కనబడదు. నారి చప్పుడు విని, "ఇది పోయింది", "ఇది పడింది" అంటాడు. తప్పడం తక్కువ.

ఇక్కడో చిన్న మాట. ఏకలవ్యుడి బొటనవేలు గురించి మనం చాలా బాధపడతాం, మన పిల్లల స్కూళ్లకి ఆయన పేరే పెట్టారు. మావయ్య బాణాన్ని చూపుడువేలుకీ మధ్యవేలుకీ మధ్య పెట్టి లాగుతాడు, బొటనవేలు వాడడు. ఒలింపిక్స్‌లో వేసేవాళ్లు కూడా మూడు వేళ్లతోనే నారి లాగుతారు, బొటనవేలు తగలనివ్వరు. ద్రోణుడు అడిగింది ఇచ్చేశాక కూడా మనవాళ్ల చేతిలో ఆట మిగిలే ఉందని నేననుకుంటాను. మీరు నవ్వుతున్నారు గానీ, ఇంటికెళ్లి వేళ్లు ముడిచి చూడండి.

వేట గురించి కూడా సూటిగా చెప్పేస్తాను, ఎందుకంటే కుర్రాళ్లు నన్ను అడుగుతున్నారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. మా పక్కనే పాపికొండల్ని 2008లో జాతీయ పార్కు చేశారు. ఆ చట్టం మన మీద ఎలా ప్రయోగించారన్న దాని మీద నాకూ చాలా కోపాలున్నాయి, అవి వేరే సభలో మాట్లాడుకుందాం. నేను గడ్డి కుక్కిన గోనెసంచి మీదే వేస్తాను. బాణం మొనలు మొద్దువి. ఈకలు కోడివి. మా వీధి పుంజు నన్ను చూస్తే పారిపోతుంది. వేట లేని విల్లు ఏం విల్లు అన్నాడు ఒక పెద్దాయన. నేను వాదించలేదు, ఒక బాణం చేతికిచ్చాను. సాయంత్రం దాకా కదల్లేదు.

వెదురు మాట కూడా చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. విల్లుకి ఒక గెడ తెచ్చుకోవడానికి దొంగలా భయపడక్కర్లేదు. అయినా నేను గ్రామసభ పెద్దలకి చెప్పే తెచ్చుకుంటాను.

నేను వేస్తుంటే పిల్లలు చేరారు. ఇప్పుడు ఊళ్లో ఉన్న ఆదివారాల్లో తొమ్మిది మంది వస్తారు. చెరువు గట్టు అడ్డంగా ఉన్నచోటే వేస్తాం. వేసేవాడి ముందు ఎవరూ ఉండకూడదు, పైకి వెయ్యకూడదు, అందరివీ అయ్యాకే వెళ్లి బాణాలు ఏరుకోవాలి. ఈ మూడు తప్పితే ఆ రోజుకి ఆట లేదు. నా మనవడైనా సరే.

మా మేనకోడలి కూతురు, పన్నెండేళ్లది, వెనక నిలబడి చూసేది. మా ఊళ్లో ఆడపిల్ల విల్లు ముట్టుకోకూడదనేవారు. ఒక ఆదివారం నేను బాణాలు ఏరుకుని వచ్చేసరికి నా విల్లు దాని చేతిలో ఉంది. మావయ్య పక్కనే కూర్చుని ఉన్నాడు. కనబడకపోయినా తెలిసింది. ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం కూడా ఏమీ అనలేదు. నాకు గుండెల్లో దడ. ఆ పైవారం ఒక చిన్న విల్లు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఎవరికని చెప్పలేదు. మగపిల్లలు ఎత్తి చూశారు, వాళ్లకి పొట్టి. దానికి సరిగ్గా సరిపోయింది. ఈ రోజు అది నాకన్నా బాగా వేస్తుంది. అదిగో, వెనక వరసలో ఉంది, మీ అందరికన్నా ఎక్కువ గోల చేస్తోంది.

పోటీలకి పంపండి అంటున్నారు. తప్పకుండా పంపవచ్చు. మన దేశంలో 'ఇండియన్ రౌండ్' అని, వెదురు, చెక్క విల్లులతోనే 30, 50 మీటర్ల దూరంలో వేసే పోటీలున్నాయి. లింబారామ్ ఉదయపూర్ జిల్లా పల్లెలో పుట్టిన ఆదివాసీ. చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టినవాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో 30 మీటర్లలో 360కి 358 పాయింట్లు తెచ్చి ప్రపంచ రికార్డును సమం చేశాడు. మూడు ఒలింపిక్స్‌లో ఆడాడు. పిల్లకి ఇష్టమైతే నేనే తీసుకెళ్తాను. కానీ పతకం రాకపోతే విల్లు మళ్లీ చిక్కుడు పాదుకి పోకూడదు. నాకు పతకం రాదని తెలిసే కదా నేను వేస్తున్నాను. షుగర్ తగ్గిందా అని అడుగుతారు కొందరు. పెద్దగా తేడా లేదు. నిద్ర మాత్రం బాగా పడుతోంది.

మావయ్యకి వచ్చే నెల ఒక కంటికి ఆపరేషన్. చూపు వచ్చాక నా బాణాలు చూస్తానని బెదిరిస్తున్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలయ్యాక హాలు వెనక మట్టి దిబ్బ దగ్గర గోనెసంచి కట్టి ఉంచాను. నాలుగు విల్లులు తెచ్చాను, రెండు మెత్తవి. పెద్దవాళ్లు కూడా రండి. మధ్యాహ్నం అతిథులకి ఇవ్వబోయే విల్లులు కూడా టేబుల్ మీద చూశాను. ఫొటోకి లాగితే లాగండి గానీ, నారి వదిలెయ్యకండి, పట్టుకునే నెమ్మదిగా వెనక్కి తీసుకురండి. ఆ ముళ్లు మావయ్య వేసినవి.