అరవై నాలుగేళ్ల విద్యార్థిని

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పవలసినవారు నాకన్న ముందే చెప్పారు. "మీరు అమెరికాలో నేత నేర్చుకున్నారటగా, ఆ సంగతి చెప్పండమ్మా" అని కార్యదర్శి గారు నాకు పదిహేను నిముషాలు ఇచ్చారు. ట్రంకు బోర్డు మీద మూడేసి నిముషాల కాల్సు లెక్క కట్టినదాన్ని కనుక టైము దాటనని హామీ ఇస్తున్నాను.

నేను మంగళగిరిలో నేతవారి ఇంట పుట్టాను. మా ఇంట్లో ఒక గుంట మగ్గం ఉండేది. నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నాడె విసురుతుంటే ఆ చప్పుడుకే మాకు తెల్లవారేది. అప్పటికే అమ్మ లేచి గంట దాటేది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పడుగు పోసేది. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టే రోజున చీకటితోనే గంజి కాచి, ఎండ ముదరక ముందే పని తెమిల్చేది. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగు పోగూ అతికేది. వంట, పిల్లలు, నీళ్లు మోయడం వీటికి అదనం. నేను బడి నుంచి రాగానే నా వంతు కండెలు చుట్టేదాన్ని.

"ఈ గుంట నాతోనే ఆఖరు, మీరు చదువుకోండి" అని నాన్న పట్టుబట్టి చదివించారు. 1974లో నాకు టెలిఫోన్ ఆపరేటర్‌గా ఉద్యోగం వచ్చింది. చేరేటప్పుడు కుటుంబ వివరాల ఫారం ఇచ్చారు. తండ్రి వృత్తి అన్న చోట "నేత" అని రాశాను. తల్లి వృత్తి అన్న చోట "ఏమీ లేదు" అని రాశాను. నా చేత్తోనే రాశాను. ఎవరూ తప్పనలేదు, నాకూ తప్పనిపించలేదు.

1989లో నాన్న పోయారు. ఆయన పేర ఉన్న లెక్కలు చూసి ఏదో కొంత ఇచ్చి ఖాతా మూసేశారు. అమ్మ పేరు ఏ ఖాతాలోనూ లేదు. అమ్మ నా దగ్గరకు వచ్చేసింది. ఒకసారి అడిగింది: "రిటైరైనాక కూడా నీకు డబ్బులిస్తారటగా, ఎందుకే?" "ఇన్నాళ్లు పని చేసినందుకమ్మా" అన్నాను. "మంచిదే" అని మళ్లీ కందిపప్పు ఏరుకోవడంలో పడింది. 1998లో అమ్మ కూడా వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం చాలాకాలం నాకు గుర్తు రాలేదు. అది ఎక్కడ గుర్తుకొచ్చిందో చెప్పడానికే ఇదంతా.

2014లో రిటైరయ్యాను. 2018లో మా అమ్మాయి దగ్గరికి అట్లాంటా వెళ్లాను. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళ్తే నేను, టీవీ మిగిలేవాళ్లం. నా అవస్థ చూసి అమ్మాయి ఒక వారం క్లాసుకు పేరు రాయించింది. అట్లాంటాకు ఉత్తరంగా కారులో రెండు గంటలకు పైగా వెళ్తే నార్త్ కరోలినా కొండల్లో బ్రాస్‌టౌన్ అనే పల్లె వస్తుంది. అక్కడ జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్ అని ఒక చేతిపనుల బడి ఉంది.

ఆ బడి కథ వినదగినది. క్యాంప్‌బెల్ అనే ఆయన ఆ కొండ ప్రాంతపు ప్రజల జీవనాన్ని పరిశీలించి 1919లో కన్నుమూశారు. ఆయన భార్య ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్, మార్గరీట్ బట్లర్ అనే స్నేహితురాలితో కలిసి డెన్మార్క్ వెళ్లారు. అక్కడ 1844 నుంచి రైతుల కోసం నడుస్తున్న బడులను చూసి వచ్చి, 1925లో ఈ బడి పెట్టారు. ఊరి దుకాణదారు ఒకాయన స్థలం ఇస్తే, ఊరివాళ్లు కలపా, కాయకష్టమూ ఇస్తామని మాట ఇచ్చారట. పరీక్షలు లేవు, మార్కులు లేవు, సర్టిఫికెట్ల పోటీ లేదు. నేత, నూలు వడకడం, రంగులద్దకం, బుట్టలల్లడం, కమ్మరం, కొయ్యచెక్కడం అన్నీ పెద్దవాళ్లకు నేర్పుతారు. పొద్దున్నే అందరూ కూర్చుని పాటలు వింటారు, పాడతారు. భోజనాలు పెద్ద బల్లల దగ్గర అందరూ కలిసి చేస్తారు. నేను వెళ్లినప్పుడు గిన్నెలు ఒకరి చేతి నుంచి ఒకరికి వచ్చేవి. శాకాహారానికి ఇబ్బంది లేదు. ఆవకాయ సీసా మాత్రం నేను పట్టుకెళ్లాను. మూడో రోజుకు అది కూడా బల్ల చుట్టూ తిరిగింది.

మా నేత క్లాసులో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. అక్కడి మగ్గానికి గుంట ఉండదు, బల్ల మీద కూర్చుని కాళ్లతో తొక్కాలి. అందుచేత నా మోకాళ్లు మొరాయించలేదు. పంతులమ్మ అందరినీ అడిగినట్లే నన్నూ "ఇదివరకు నేత వచ్చా?" అని అడిగింది. రాదన్నాను. నిజమే కదా, మగ్గం మీద నేను ఏనాడూ కూర్చోలేదు.

మొదటి రోజంతా పడుగు పోయడం. చట్రానికి ఉన్న కొయ్యమేకుల మీదుగా దారం తిప్పుతూ, పోగులు లెక్కపెట్టడం. మెడకు వేసుకునే చిన్న శాలువాకు రెండు వందల పోగులు. రెండో రోజు ఒక్కొక్క పోగునూ దాని కన్నంలో నుంచి లాగి, తర్వాత పన్నెలో నుంచి దాటించడం. కళ్లద్దాలు పెట్టుకుని సాయంత్రం దాకా అదే పని. మూడో రోజు మధ్యాహ్నానికి గాని ఎవ్వరమూ నాడె పట్టలేదు. అయిదు రోజుల క్లాసులో సగం రోజులు నేతే లేదన్నమాట.

ఆ మూడో రోజున కండెలు చుట్టమన్నారు. నేను రెండు చుట్టి మూడోది అందుకునేసరికి పంతులమ్మ వచ్చి నా కండె తీసి అందరికీ చూపించింది. ఎక్కడా వదులు లేదు, ఉబ్బు లేదు, ఇలా ఉంటేనే దారం చిక్కుపడకుండా వస్తుంది అని చెప్పింది. తెగిన పోగు నేను ముడివేసిన తీరు కూడా గమనించింది. "నేత రాదన్నావే, ఎవరు నేర్పారు?" అంది. మా అమ్మ అన్నాను. "మీ అమ్మగారు ఏం చేసేవారు?" అంది. "ఏమీ చేసేది కాదండీ, ఇంట్లోనే ఉండేది" అనేశాను.

అనేసి నాలుక్కరుచుకున్నాను. నలభై నాలుగేళ్ల తర్వాత కూడా అదే జవాబు! నేను డబ్బు కట్టి, రెండున్నర రోజులుగా నేర్చుకుంటున్నది మా అమ్మ పనే. దాన్ని ఆ బడిలో నేత అనే అంటున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫై మూడేళ్ల సర్వీసుకు పూర్తి పెన్షన్ అన్నది మన కాలపు లెక్క. అమ్మ సర్వీసు లెక్క వేశాను. పెళ్లయి వచ్చిన దగ్గర నుంచి నాన్న పోయేదాకా ముప్ఫై ఎనిమిదేళ్లు. ఆదివారం లేదు, సెలవు లేదు, సర్వీసు పుస్తకం లేదు. "ఎందుకే?" అని అమ్మ అడిగిన ప్రశ్నకు అర్థం అప్పుడు తెలిసింది. తనకు డబ్బు కావాలని కాదు. పనిచేసినందుకే ఇస్తారన్నప్పుడు, తను చేసింది ఏమిటో ఎవరైనా చెబుతారేమోనని అడిగింది. నేను చెప్పలేదు.

1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది దయాధర్మం కాదు, చేసిన సేవకు ప్రతిఫలం అని తేల్చింది. అందుకే మనం ఈ దినం జరుపుకుంటున్నాం. చేసిన పనికి ఆ విలువ ఉన్నప్పుడు, మన ఇళ్లలో ఏ తీర్పుకూ ఎక్కని పనులను కనీసం పేరు పెట్టి పిలవడం మన బాధ్యత కాదా? 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షలకు పైగా చేనేత పనివారు లెక్కకు వచ్చారు. అందులో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. కండెలు చుట్టేవారిని, పడుగు పోసేవారిని కూడా అనుబంధ పనివారుగా లెక్కించారు. మా అమ్మ ఉంటే ఆ లెక్కలోకి వచ్చేది.

నా శాలువా సంగతి అడుగుతారేమో. నడిమి భాగంలో నడుము సన్నబడింది. అంచులు తిన్నగా రాలేదు. మంగళగిరి అంచు నేసిన మా నాన్న చూస్తే నవ్వేవారు. కండెలు మాత్రం అమ్మ మెచ్చుకునేదే. వారం చివర అందరి పనులూ ప్రదర్శనకు పెట్టారు. నా శాలువా పక్కన మిగిలిన కండె ఒకటి కూడా పెట్టాను.

తిరిగి వచ్చాక మంగళగిరిలో మా బంధువుల ఇంటికి నెలకు రెండుసార్లు వెళ్లి కండెలు చుట్టి ఇస్తున్నాను. కంటి ఆపరేషన్ అయింది కనుక పోగులు బాగానే కనబడుతున్నాయి. నేర్చుకోవడానికి అమెరికా వెళ్లనక్కర లేదు. మీ ఊరికి దగ్గరలో మగ్గమో, కుమ్మరి సారెయో, బుట్టలల్లే ఇల్లో ఉంటే మనవలను వెంటబెట్టుకుని వెళ్లండి. వెళ్లి చూసి రావడం కాదు, కూర్చుని పని అడగండి. మొదటి రోజునే వారి పని విలువ మీ వేళ్లకు తెలుస్తుంది.

చివరగా ఒక్క మనవి. మన సంఘం సభ్యుల వివరాల పుస్తకం కొత్తగా వేయడానికి ఫారాలు పంచుతున్నారు. అందులో తండ్రి వృత్తి అని ఉంది. తల్లి వృత్తి అన్న గడి కూడా చేర్చవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను. నాట్లు వేసిన తల్లులు, పాడి చూసిన తల్లులు, బీడీలు చుట్టిన తల్లులు, మనందరికీ ఉన్నారు. రాసేటప్పుడు దయచేసి ఒక్క నిముషం ఆగి, ఆలోచించి రాయండి.

నా ఫారం నింపి తెచ్చాను. తల్లి వృత్తి: నేత.

టైము అయింది.