పేరియా కొండల్లో మొక్కల పునరావాసం

కేరళలో వయనాడ్ జిల్లా, పేరియా దగ్గర గురుకుల బొటానికల్ శాంక్చురీ అనే తోట ఉంది. 1981లో వోల్ఫ్‌గాంగ్ థాయర్‌కాఫ్ అనే జర్మన్ దీన్ని మొదలుపెట్టారు. అడవి కొట్టేసి తేయాకు వేసిన ప్రాంతం అది. నరికివేతకు గురైన చోట్ల నుంచి ఆర్కిడ్లు, ఫెర్న్‌లు, బాల్సమ్ మొక్కలు తెచ్చి బతికించడం ఆయన పెట్టుకున్న పని. ఇప్పుడక్కడ పడమటి కనుమల మొక్కలు సుమారు 2000 జాతులు ఉన్నాయి.

బాల్సమ్ సంగతే చూడండి. పడమటి కనుమల్లో కొన్ని రకాలు ఒకటి రెండు కొండల మీద తప్ప ఇంకెక్కడా మొలవవు. ఆ కొండ పోతే జాతే పోయినట్టు. పోనీ, విత్తనాలు దాచుకుందామా అంటే, పండిన కాయకు వేలు తగిలితే చాలు, టప్పున పగిలి, తొక్క చుట్ట చుట్టుకుపోయి, గింజలు ఎటో ఎగిరిపోతాయి. కాయను ముందే గుప్పిట్లో మూసి పట్టుకోవాలి. బడిపిల్లలకు ఇంతకన్నా మంచి వృక్షశాస్త్ర పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

తోట ఒక్కటే కాదు, చుట్టూ పాడైన నేలలో అడవి మళ్లీ లేచేలా చూస్తున్నారు. అందులోకి విద్యార్థులను నడిపించి చూపిస్తారు. ఈ కృషికే, తోటలో పనిచేస్తూ వచ్చిన సుప్రభా శేషన్‌కు 2006లో విట్లీ అవార్డు వచ్చింది. థాయర్‌కాఫ్ 2014లో కన్నుమూశారు. రోజూ మొక్కల మంచిచెడ్డలు చూసేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. ఏ మొక్కకు ఎంత నీడ కావాలో వాళ్లనే అడగాలి.