గ్రామఫోను ప్లేట్లు: సేకర్తల యిచ్చిపుచ్చుకొనుట



కూడబెట్టుట మనుష్యునకు సహజమైన గుణము. ధనము కూడబెట్టువానిని లోకము గౌరవించును. ధాన్యము కూడబెట్టువానిని మెచ్చుకొనును. చెల్లని నాణెములను, ముద్రపడిన తపాలాబిళ్లలను, ప్రయాణము ముగిసిన రైలు టిక్కెట్లను కూడబెట్టువానిని చూచి మాత్రము నవ్వును. అట్టివారిని గూర్చియు, వారు తమ పెట్టెల యడుగున దాచుకొను వేఱొక వస్తువును గూర్చియు నేడు కొన్ని మాటలు మనవి చేసెదను. ఆ వస్తువు గ్రామఫోను ప్లేటు.

మా డోను రైలుకూడలి. దీనికి ద్రోణాచలమని పాతపేరు. సికిందరాబాదునుండి కర్నూలు మీదుగా వచ్చు మార్గమును, గుంతకల్లునుండి నంద్యాల దెసకు పోవు మార్గమును ఇచట కలియును. 2022లో జిల్లాలు విభజింపబడినప్పుడు ఈ యూరు కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాలో చేరినది. కూడలి యగుటచేత నలుదెసలనుండి వస్తువులును, వానిని వెదకికొను మనుష్యులును ఇచటికి వచ్చుచుందురు. అట్టి మిత్రులు నాకు కొందరు కలరు. ఒకరు నాణెములు కూర్చుదురు, ఒకరు తపాలాబిళ్లలు, మఱియొకరు అగ్గిపెట్టెలపై నంటించు బొమ్మచీటీలు. వారు కలిసికొన్నప్పుడు మొదట తమ తమ ముఖ్యసంపదను చూపుకొందురు. అది ముగిసిన పిమ్మట ఎవరో యొకరు, "మా యింట పాత ప్లేట్లు కూడ కొన్ని యున్నవి" అందురు. అంతట తక్కినవారును ఒక్కొక్కరే తమయొద్దను గలవని బయటపెట్టుదురు.

ఇందు వింత యేమియు లేదు. నాణెముపై సంవత్సరమును, టంకశాల గుర్తును చదువనేర్చిన కన్ను ప్లేటు నడుమనున్న చీటినిగూడ చదువనేర్చును. పాడినవారెవరు, కంపెనీ యేది, దాని సంఖ్య యెంత యని వెదకును. తక్కినవారి కంటికి అది నల్లని పళ్లెము మాత్రమే.

ఆ నల్లని పళ్లెము పుట్టుపూర్వోత్తరములు సంగ్రహముగా చెప్పెదను. ధ్వనిని పట్టి నిలిపి మరల వినిపించు యంత్రమును 1877లో అమెరికాదేశమున ఎడిసన్ నిర్మించెను. అందు ధ్వని గుండ్రని స్తంభమువంటి దానిపై నిలిచెడిది. 1887లో బెర్లినర్ అను నతడు దానికి మాఱుగా చదునైన బిళ్లను కల్పించెను. బిళ్ల యగుటచేత, అచ్చుపుస్తకమువలె, ఒక్క మూసనుండి వేలకొలది ప్రతులు తీయుట సాధ్యమయ్యెను. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పంపగా గైస్‌బర్గ్ అను నతడు కలకత్తాకు వచ్చి, గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను పట్టెను. పాట ముగియగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషున చెప్పుకొనుట నేటికిని వినవచ్చును. ఆ కాలమున మైనపు అచ్చులు జర్మనీకి పోయి, అచట ప్లేట్లయి తిరిగి వచ్చెడివి; పాడినది యెవరో అచటి పనివారికి తెలియుటకై ఆ యేర్పాటు. 1908లో ప్లేట్లు అచ్చువేయు కర్మాగారము కలకత్తాలోనే వెలసెను. కాలక్రమమున మన కీర్తనలును, హరికథలును, నాటకపద్యములును ప్లేట్ల కెక్కినవి.

ఆ ప్లేటు ఏ విదేశపు లోహముతోనో చేసినది కాదు. దానికి ముఖ్యద్రవ్యము లక్క. మోదుగు, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు పెట్టునదే యిది. అందు రాతిపొడిని, మసిని, మన కడపసీమలోని మంగంపేట గనులలో త్రవ్వు ముగ్గురాయివంటి ఖనిజపు పొడిని కలిపి, కాచి, ఒత్తెడివారు. ఆ పొడి గరుకునకు ఉక్కుముల్లు అరగి గాడిలో సరిగా కుదురుకొనెడిది. అందుచేతనే ఒక ప్రక్క మ్రోగిన పిమ్మట ముల్లు మార్చుట నియమము. ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల ప్లేటుపై ఒక్కొక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము హెచ్చుగా పాట పట్టును. మన దేశమున ఈ జాతి ప్లేట్లు చేయుట 1970 ప్రాంతమున నిలిచిపోయినది. కావున నేడు విఱిగిన ప్లేటునకు బదులు క్రొత్తది రాదు.

ఈ మూడు నిమిషముల కట్టుబాటును మఱవరాదు. రంగస్థలమున నటుడు ఒక్క పద్యమునకు రాగము సాగదీసి, సభవారు వన్సుమోరు కొట్టగా మరల మరల పాడి తెల్లవార్చెడివాడు. ఆ నటుడే ప్లేటునకు పాడునపుడు గడియారము చూచుకొని పాడవలసి వచ్చెను. కావున నాటకమునంతను వినగోరువారికై కంపెనీలవారు నాలుగైదు ప్లేట్లను, కొన్ని యెడల అంతకు హెచ్చుగా, ఒక కట్టుగా చేసి అమ్మిరి. కట్టులో ఒక్క ప్లేటు పోయినను కథ తెగును. నేను చెప్పదలచిన విషయమంతయు ఈ కట్టునందే యున్నది.

మా ప్రాంతమున ఒక గ్రామమందలి పెద్దకుటుంబమున గ్రామఫోను పెట్టెయు, ముప్పదివరకు ప్లేట్లును ఉండెడివి. పండుగనాడు పెట్టెను అరుగుమీద నుంచి కీ తిప్పిన, వీధివారందరును వినెడివారు. ఇంటి పెద్ద గతించిన పిమ్మట నలుగురు కుమారులు వేరుపడిరి. చేలు, ఎద్దులు, పాత్రలు పంచుకొన్నట్లే ప్లేట్లను గూడ లెక్కపెట్టి తలా యిన్ని యని పంచుకొనిరి. పెట్టె జ్యేష్ఠుని భాగమునకు వచ్చెను. తక్కిన మువ్వురికి ప్లేట్లున్నవి గాని వినుటకు పెట్టె లేదు. జ్యేష్ఠునకు పెట్టె యున్నది గాని వినుటకు తగినన్ని ప్లేట్లు లేవు. అందులో హరిశ్చంద్ర నాటకపు కట్టొకటి, ఆరు ప్లేట్లది, నాలుగిండ్లకు చెదరిపోయెను.

నాణెముల మిత్రుడు పాత రాగికాసులకై కనిష్ఠుని యింటికి పోయి అచట రెండు ప్లేట్లు చూచెను. తపాలాబిళ్లల మిత్రుడు వేఱొకప్పుడు పాత ఉత్తరములకై జ్యేష్ఠుని యింటికి పోయి అచట నొకటి చూచెను. వీరిద్దరును ఒకనాడు మాటలలో సంఖ్యలు చెప్పుకొనగా, ఇవి ఒకే కట్టులోనివని తేలినది. అన్నదమ్ములకు తెలియనిది అన్యులకు తెలిసినది! ప్లేట్లను ఒకచోట చేర్పుమని యడుగగా నలుగురును వెనుదీసిరి. ఒకసారి చేయి దాటిన వస్తువు తిరిగి వచ్చునో రాదో యని యొకరికి. మఱియొకరి గుమ్మము త్రొక్కనేల యని యొకరికి. తుదకు ప్లేట్లు ఎవరి యింట వారియొద్దనే యుండునట్లును, మిత్రులే యంత్రము మోసికొని యింటింటికి పోయి పాట నెక్కించుకొనునట్లును, పిమ్మట మొత్తము నాటకపు ప్రతి నలుగురికి నిచ్చునట్లును ఒప్పందమయ్యెను. అట్లే జరిగినది. అయిదు ప్లేట్లు దొరికినవి. నాలుగవ ప్లేటు దొరకలేదు. ఎన్నడో పాతసామానులవానికి ఇనుముతోపాటు వేసి ఎఱ్ఱగడ్డలు తీసికొంటిమని మూడవవా డింటివారు చెప్పిరి. నలుగురును కలిసి కూర్చుండి వినిరని నేను చెప్పజాలను. ఎవరింట వారు వినిరి. అయినను ఆ నాలుగవ ప్లేటు దొరకినదా యని నలుగురును నేటికిని అడుగుచునే యున్నారు.

చేను పంచినకొలది గట్లు పెరిగి భూమి తరుగును. పాట అట్టిది కాదు. ప్రతి నెత్తి యిచ్చినంతమాత్రమున ఇచ్చినవానికి తరుగు లేదు. మన కరవుసీమలో పూర్వము కొఱ్ఱవిత్తనము లేనివానికి ఉన్నవాడు విత్తన మిచ్చి, పంటనాడు కొంచెము హెచ్చుగా తిరిగి తీసికొనెడివాడు. తన గాదెకు పురుగుపట్టిన యేట ఆ యిచ్చిన విత్తనమే తన్ను కాపాడునని అతడెఱుగును. ప్లేట్లు గలవారు పాటింపదగిన నీతి యిదియే.

ఈ మార్గము మన సీమకు క్రొత్తది కాదు. 1820లో ఉద్యోగియై కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ దొర తాళపత్రములను సేకరించెను. కేవలము కూర్చిపెట్టి యూరకొనలేదు. ఒక్క గ్రంథమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, కడపలోని తన బంగళాయందు పండితులకు జీతము లిచ్చి, ఒక దానిలో తెగిన పద్యమును వేఱొకదానినుండి పూరింపజేసెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. 1845లో తన గ్రంథసంచయమును మదరాసు లిటరరీ సొసైటీకి ఒసగెను. అదియే పిమ్మట మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరినది. కడపలో నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. ఒక్క ప్రతి యెన్నడును సమగ్రము కాదనియు, పలువురి ప్రతులు కలిసిననే గ్రంథము నిలుచుననియు ఆయన పని మనకు నేర్పుచున్నది. తాళపత్రమున కెట్లో లక్కప్లేటునకు నట్లే.

ఈ కాలమున ప్లేట్ల విషయమై ఇట్టి పని చేసినవారు కొందరు కలరు. మదరాసున నివసించిన వి. ఏ. కె. రంగారావుగారు వేలకొలది ప్లేట్లను కూర్చుటయే గాక, వానిలోని పాటలను, పాడినవారిని గూర్చి "ఆలాపన" యను శీర్షికతో తెలుగువారికి వ్రాసి తెలిపిరి. ఆస్ట్రేలియాదేశీయుడగు మైకేల్ కినియర్ 1899 మొదలు 1908 వఱకు గ్రామఫోను కంపెనీ మన దేశమున పట్టిన పాటల పట్టికను శ్రమించి కూర్చి 1994లో గ్రంథముగా ప్రకటించెను. ముంబైలో 1990లో భారతీయ రికార్డుల సేకర్తల సంఘ మేర్పడి, తన పత్రికద్వారా ఒకరియొద్దనున్నది మఱియొకరికి తెలియు మార్గము కల్పించినది. వీరెవరును ప్లేటును అలమరలో బెట్టి తాళమువేసి తృప్తిపడినవారు కారు.

ఇక మీ యిండ్లలో అటకమీద గాని, పాత పెట్టెలో గాని ప్లేట్లున్నచో చేయదగిన పనులు కొన్ని మనవి చేసెదను. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చరాదు, బరువునకు పగులును. పుస్తకములవలె నిలువుగా, ఒకదాని నొకటి ఆనుకొని వంగకుండ నిలుపవలెను. మన యెండలకు మిద్దెగది కాగినప్పుడు లక్క మెత్తబడి ప్లేటు వంకరపోవును. కావున చల్లని గదిలో నేలకు కొంచెము ఎత్తుగా నుంచవలెను. దుమ్మును మెత్తని గుడ్డతో గాడి వెంబడి తుడువవలెను. స్పిరిటు మాత్రము తగులనీయరాదు. అది లక్కను కరగించును. అరగిన ముల్లు పెట్టి వినుటయు గాడిని చెఱుచును. అన్నిటికంటె ముఖ్యమైనది, చీటిపై నున్న పేర్లను, సంఖ్యలను, చీటి చుట్టును ప్లేటుపైననే చెక్కియున్న సంఖ్యను ఒక కాగితమున వ్రాసి పెట్టుట. చీటి చెదలు తిన్నను ఆ చెక్కిన సంఖ్యనుబట్టి పాట యేదో నెఱిగినవారు చెప్పగలరు.

ప్రతులు తీసిన చట్టము తప్పునేమో యని కొందరు జంకుదురు. మన దేశపు 1957 నాటి హక్కుల చట్టము ప్రకారము ధ్వనిముద్రణముపై హక్కు, అది వెలువడిన యేటికి మరుసటి యేడు మొదలుకొని 60 సంవత్సరములు నిలుచును. పాట వ్రాసిన కవి హక్కు వేఱు. అది కవి గతించిన పిమ్మటను 60 ఏండ్లుండును. కావున అమ్ముకొను తలంపున్నవారు విచారించుకొనవలెను.

పెద్దలారా! ప్లేటుపై నుండనివి మీ జ్ఞాపకమున నున్నవి. ఆ నటుడు ఏ సమాజముతో మన యూళ్లకు వచ్చెను, ఏ పద్యమునకు జనము లేచి నిలిచిరి, ఆ పెట్టె ఏ సంతలో కొనిరి యను సంగతులను ఏ కంపెనీయు అచ్చువేయలేదు. సేకర్తలు ప్లేట్లను వెదకి తేగలరు గాని ఈ సంగతులను తేజాలరు. మీరు చెప్పి, మీ మనుమలచేత వ్రాయించిననే అవి నిలుచును. ఆ పనికి యంత్రము వలదు. ఒక నోటుపుస్తకము చాలును.

మీ యింటి ప్లేట్లను అమ్ముడనిగాని, ఊరక యిచ్చివేయుడనిగాని నేను కోరుటలేదు. అవి మీవి, మీయొద్దనే యుండుగాక. అడిగినవారికి ప్రతి యెత్తుకొననీయుడు. పాతసామానులవాడు గుమ్మమున కేక వేసినప్పుడు, ఇనుముతోపాటు వేయబోవు ముందు ఒక్కసారి చీటి చదివి చూడుడు. హరిశ్చంద్ర నాటకపు కట్టులోని నాలుగవ ప్లేటు ఇంకను ఎక్కడనో యొక యింట నుండవచ్చును.