ఇల్లు ఎక్కడో చెప్పి ఓటడుగు

(పంచాయితీ, మునిసిపల్ ఓట్ల గురించి దళితవాడల్లో పెట్టుకున్న సమావేశాల్లో మాట్లాడిన మాటల పాఠం)

 

మేం ఒక్క సంగతి మాట్లాడ్డానికే వచ్చాం. ఓట్లొచ్చాయంటే మన వాడకొచ్చే ప్రతివాడూ ఒకటే మాటంటాడు: "నన్ను గెలిపించండి, ఇల్లిప్పిస్తాను." మనమూ ఒకటే మాటడుగుతాం: "ఎప్పుడిప్పిస్తావు బాబూ?" ఇన్నేళ్ళూ ఎప్పుడు ఎప్పుడు అని అడిగి మోసపోయాం. అడగాల్సింది ఎక్కడ అని.

మా వాడ సంగతి చెబుతాం. ఊరు మెరక మీదుంది, మేం గెడ్డ ఒడ్డున పల్లంలో ఉన్నాం. పాత ఇళ్ళు పడిపోతే మాకు కాలనీ ఇచ్చారు. ఎక్కడిచ్చారు? పాత వాడ కన్నా ఇంకా పల్లంలో, చెరువు కింద. వానలు పడితే పొయ్యిలోకి నీళ్ళొచ్చేవి. పట్టా కాయితం మీద నాలుగు పక్కలా హద్దులు రాసున్నాయి గానీ తోవ లేదు. తోవ ఉండాల్సిన చోట ఒక పెద్దరైతు కళ్ళం. పెళ్ళికూతుర్ని తీసుకురావాలన్నా, శవాన్ని తీసుకెళ్ళాలన్నా ఆయన్ని బతిమాలుకోవాలి. మా మామ్మ అనేది: "ఇల్లు ఇచ్చినారు గానొరే, ఇంటికెల్లే తోవ ఊరోల్ల కాడే ఉంచేసుకున్నారు." మేం పెద్దయ్యాక అడిగాం, ఆ నేల ఎవరు చూశారు, ఏ సభలో తీర్మానించారు అని. ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. ఈ కథ మా ఒక్కరిదే అయితే ఇక్కడ చెప్పేవాళ్ళం కాదు. తలలాడిస్తున్నారు కదా మీరూ.

ఊరు ఒకచోట, వాడ ఒకచోట ఉండడం దానంతటది జరిగింది కాదు. మెరక ఎవరికి, పల్లం ఎవరికి, నుయ్యి ఎవరికి అని గీత గీసినవాళ్ళున్నారు. ఇవాళ ఆఫీసుల్లో దాన్నే ప్లానింగ్ అంటున్నారు. మన తాతల నాడు దాని పేరు కట్టుబాటు.

బాబాసాహెబ్ ఈ సంగతి మనకంటే ముందే పట్టుకున్నారు. 1942 జూలైలో నాగపూరులో జరిగిన మన సభ, అంటరానివారికి హిందూ గ్రామాలతో సంబంధం లేని వేరు గ్రామాలు కావాలని తీర్మానం చేసింది. 1947లో ఆయన రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు'లో, ప్రభుత్వం చేతిలో ఉన్న సాగుకాని భూముల్లో మనవాళ్ళకి ఊళ్ళు కట్టించడానికి ఒక కమిషన్ వెయ్యాలని అడిగారు. ఏడాది తర్వాత, 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో నిలబడి, పల్లెటూరంటే స్వర్గమని పొగిడేవాళ్ళ మొహం మీదే అది ఎంత ఇరుకు బుద్ధుల చోటో చెప్పారు. వేరు ఊళ్ళు రాలేదు. పోనీ, అదే ఊళ్ళో మంచి నేలయినా వచ్చిందా?

రాజ్యాంగంలో మనకో మెట్టుంది, అది చాలామందికి తెలీదు. 1992లో 73వ, 74వ సవరణలు చేశారు. 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయితీలకి అప్పగించదగ్గ 29 పనులు రాశారు. అందులో గ్రామీణ గృహనిర్మాణం ఉంది, తాగునీరుంది, రోడ్లున్నాయి. పట్టణాలకి 12వ షెడ్యూలు, 18 పనులు. మొట్టమొదటి పనే పట్టణ ప్రణాళిక. మురికివాడల బాగు ఉంది, శ్మశానాలున్నాయి. ఇల్లెక్కడ, తోవెక్కడ, వల్లకాడెక్కడ అన్నది మనం ఓటేసి పంపిన ఊరి సభ తేల్చాలని దాని అర్థం. జరిగిందేమిటో చూడండి.

పంచాయితీల గడువు 2018 ఆగస్టులో అయిపోయింది. మళ్ళీ ఓట్లు 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్ళు ప్రత్యేకాధికారులు ఏలారు. సరిగ్గా ఆ మధ్యలోనే రాష్ట్రమంతా 30 లక్షల మందికి పైగా పేదలకి ఇళ్ళస్థలాలన్నారు. 2020 ఉగాదికన్నారు, అంబేద్కర్ జయంతికన్నారు, వాయిదాలు పడి పడి 2020 డిసెంబరు 25న మొదలెట్టారు. పట్టాలు ఆడవాళ్ళ పేరిట ఇచ్చారు, అది మంచిపని, కాదనం. కానీ నేల ఎంచేటప్పుడు ఊళ్ళో సర్పంచి లేడు, వార్డు మెంబరు లేడు. మన వీధి నుంచి ఒక్క మనిషి ఆ గదిలో లేడు.

విజయనగరం పక్కన గుంకలాం మీకందరికీ తెలుసు. 397 ఎకరాలు, 12,301 ప్లాట్లు. 2020 డిసెంబరు 30న ముఖ్యమంత్రే వచ్చి పట్టాలిచ్చాడు. ఒక చిన్న పట్నమంత కాలనీ అది. దానికి గీత గీసేనాటికి విజయనగరం పట్నానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. పాత కౌన్సిల్ గడువు 2019లో తీరిపోయింది, కొత్త కార్పొరేషన్‌కి ఓట్లు 2021 మార్చి 10న పడ్డాయి. అంటే పంచినాక డెబ్భై రోజులకి మనల్ని ఓటడిగారు! శ్రీకాకుళం పట్నం గతి ఇంకా ఘోరం. 2010లో కౌన్సిల్ గడువు ముగిసింది, 2021లో వేరే పట్నాలు ఓటేస్తుంటే అక్కడ ఓటు లేదు. పదేళ్ళు దాటి ఒక పట్నంలో పాకీపని చేసే రెల్లి వీధికి వార్డు మెంబరే లేకపోతే, కాలవ పొంగిందని ఎవరింటి ముందుకెళ్ళి అరవాలి?

ఇక ఎంత నేల? ఊళ్ళో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48 గజాల చిల్లర. సెంటున్నరంటే 72 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. సరే, గేదెనెక్కడ కడతావు? మేకలెక్కడ? కర్రలెక్కడ పెడతావు? కొడుక్కి పెళ్ళయితే కోడలెక్కడ పడుకుంటుంది? నౌకరీవాడి లెక్కతో కూలోడి ఇల్లు కొలిచారు. 2024లో ప్రభుత్వం మారాక ఊళ్ళో 3 సెంట్లు, పట్నంలో 2 సెంట్లన్నారు. పెంచడం మంచిదే. 3 సెంట్లు చెరువు గర్భంలో ఇస్తే మాత్రం ఏం చేసుకుంటాం? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఉద్దానంలో ఉన్నవాళ్ళకి తెలుసు, పల్లమంటే ఏటో, రేకు కప్పంటే ఏటో.

నేల సంగతి మాట్లాడుతూ లక్ష్మీపేట పేరెత్తకపోతే మనం మనుషులం కాము. వంగర మండలం, మడ్డువలస జలాశయం కింద మునిగి, పునరావాసంలో మళ్ళీ కట్టుకున్న ఊరు. ప్రాజెక్టుకి తీసుకున్న భూమిలో నీళ్ళెక్కని మిగులు నేలని మనవాళ్ళు దున్నుకున్నారు. 2012 జూన్ 12న అదే ఊరి పైకులంవాళ్ళు దాడి చేసి అయిదుగుర్ని చంపారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లాలోకొచ్చింది. జిల్లా మారినంత సులువుగా ఆ ఊళ్ళో నేల లెక్క మారలేదు. ఊరిని కదిపి కొత్తచోట పెట్టేటప్పుడు ఇంటి స్థలం ఒక్కటీ కొలిచి, బతకడానికి నేల ఎవరికెంత అన్నది గాలికొదిలేస్తే ఏమవుతుందో లక్ష్మీపేట చెప్పింది. భోగాపురం విమానాశ్రయం కోసం లేపిన నాలుగు ఊళ్ళలో ఒకదాని పేరు రెల్లిపేట. వాళ్ళకి గూడెపువలస, లింగాలవలసల దగ్గర కాలనీలు కట్టారు. అక్కడికెళ్ళి ఇల్లెలా ఉందని అడిగొచ్చేవాళ్ళు బోలెడుమంది. పనికెంత దూరం నడుస్తున్నారమ్మా అని కూడా అడగండి.

ఓట్లు పెట్టాక అయినా సర్పంచి చేతిలో ఏముంది అంటారు. నిజమే. 2014 తర్వాత జన్మభూమి కమిటీలన్నారు, 2019 తర్వాత వాలంటీర్లన్నారు. లబ్ధిదారుల జాబితా వాళ్ళ చేతుల మీదుగా పోయింది. రిజర్వుడు సీట్లో మనవాడు కుర్చీలో కూర్చుంటే కాయితాలు పెదరైతు అరుగు మీద తయారయ్యాయి. పైగా ఏకగ్రీవమొకటి! 2021లో 2,000 లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలన్నారు. డబ్బొస్తుంది కదా, పోటీ ఎందుకన్నారు. ఆ డబ్బుతో పడిన సిమెంటు రోడ్డు ఏ వీధి దాకా వచ్చి ఆగిపోయిందో మీరే చూసుకోండి.

అయినా వదలకూడదు. ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలని 1994 పంచాయితీరాజ్ చట్టంలో ఉంది. 2024 ఆగస్టు 23న ఉపాధి పనుల కోసం ఒక్కరోజే 13,326 పంచాయితీల్లో సభలు పెట్టారు. ఆ సంతకాల పుస్తకాల్లో మన వాడల వేలిముద్రలెన్ని? మేం తిరిగిన వాడల్లో చాలాచోట్ల సభయినట్టే తెలీదు. దండోరా మన వీధిలోకి రాలేదన్నారు. డప్పు కొట్టేది మనం, దండోరా మనకి వినపడదు!

అందుకని ఓటడగడానికొచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి, అడగండి. బాబూ, ఏ సర్వే నంబర్లో ఇస్తావు? అది మెరకా, గెడ్డ పోరంబోకా? దారి కాయితంలో ఉందా? వల్లకాటికి తోవుందా? ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, ఆ డబ్బుతో మా వీధికి కాలవ ఎందుకు రాలేదు? ఇవన్నీ గ్రామసభలో తీర్మానంగా రాయిస్తావా? రాయిస్తానంటే వాడి చేతే కాయితం మీద రాయించుకోండి. "తర్వాత చూద్దాం" అంటే ఆ మాటా రాసుకోండి, తారీకుతో సహా.

మా పక్కనుండే అక్క ఒకామె ఇలాగే అడిగితే, వచ్చినాయన నవ్వి, "ఇవన్నీ నీకెందుకమ్మా, ఇల్లిస్తాం కదా" అన్నాడు. ఆమె అంది: "మరైతే మీ ఇంటి పక్కన ఇయ్యండి." ఆయన నవ్వు ఆగిపోయింది.

మేం మాట్లాడింది చాలు. తెల్లకాయితం, పెన్ను తెచ్చాం. ఇప్పుడు మీరు చెప్పండి, మేం రాసుకుంటాం. వాడలో స్థలం లేనివాళ్ళెంతమంది, పట్టా ఉండీ నేల చూపించనివాళ్ళెంతమంది, నీళ్ళొచ్చే ఇళ్ళెన్ని. ముందు చెరువు కింది కాలనీవాళ్ళు లేవండి. ఆ వెనకున్న అమ్మా, నువ్వే, మొదలెట్టు.