ఏ కణం, ఏ దారి

జ్వరమొస్తే బంగారుపాళ్యంలోనైనా బెంగళూరులోనైనా ‘ఏదో వైరల్ ఫీవరంట’ అని సరిపెట్టుకుంటున్నాం. ఆ ఒక్క మాటలో ఒకదానితో ఒకటి పోలికలేని జబ్బులెన్నో కలిసిపోతున్నాయి. ఏ వైరస్ ఏ కణంలోకి, ఏ దారిన పోతుందో, లోపల ఏం చేస్తుందో తెలుసుకోకుండా దాన్ని ఎదిరించలేమన్నది నా వాదన.

దీనికి రుజువుల కోసం దూరం పోనక్కర్లేదు. చిత్తూరు దాటి ముందుకు పోతే వేలూరు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1955లో అక్కడే. 1986లో చెన్నైలో సేకరించిన రక్త నమూనాల్లో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేల్చిన పరీక్షలు జరిగిందీ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే. రెండు వైరస్‌ల జన్యుపదార్థమూ ఆర్‌ఎన్‌ఏనే. కానీ మెదడువాపు వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణంలోని రైబోజోములు నేరుగా చదివి ప్రొటీన్లు తయారుచేస్తాయి. కేంద్రకం బయటే, కణం లోపలి పొరల మీద దాని నకళ్లు పుడతాయి. హెచ్‌ఐవీ అలా కాదు. రోగనిరోధక కణాల మీదున్న సీడీ4 ప్రొటీన్‌ను పట్టుకొని లోపలికి దిగి, తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, కేంద్రకంలోని మన డీఎన్‌ఏలోనే కలిపేస్తుంది. మందులు దాని వృద్ధిని ఆపుతాయే గానీ, కలిసిపోయిన ఆ ముక్కను తీసేయలేవు. మాత్రలు జీవితాంతం మింగాల్సి రావడానికి కారణం ఇదే. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ తీరు ఇంకొకటి: నోటి ద్వారా పేగు కణాల్లోకి చేరాక కూడా లోపలి కవచాన్ని విప్పకుండా, అందులోంచే ఆర్‌ఎన్‌ఏ ప్రతులను బయటికి పంపుతుంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాను సూదిగా కాక నోట్లో చుక్కలుగా వేయడం, పేగులోనే రక్షణ పుట్టాలని.

1796లో జెన్నర్, 1885లో పాశ్చర్ వైరస్ అంటే ఏమిటో తెలియకుండానే టీకాలు వేశారు కదా, ఇదంతా మాకెందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మశూచి, రేబిస్ విషయంలో ఆ దారి ఫలించింది. డెంగీ దగ్గర ఫలించలేదు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు ఇంకో రకం వైరస్‌ను చంపలేక దానికి అంటుకొని ఊరుకుంటాయి. యాంటీబాడీని పట్టుకునే తెల్లరక్తకణాలు దానితోపాటు వైరస్‌నూ లోపలికి లాక్కుంటాయి. అంటే కాపాడాల్సిన యాంటీబాడీయే వైరస్‌కు దారి చూపుతుంది. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షలమందికి పైగా పిల్లలకు డెంగ్వాక్సియా టీకా వేశారు. అంతకుముందు డెంగీ సోకని పిల్లల్లో జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం పెరుగుతుందని 2017 నవంబర్‌లో తయారీ సంస్థ సనోఫీయే ప్రకటించింది, కార్యక్రమం ఆగిపోయింది. శాస్త్రవేత్తలు ఎక్కువమంది చెప్పే కారణం నేను పైన చెప్పినదే.

అన్నిటికీ పనిచేసే ఒకే మందు వెతకవచ్చు కదా అన్నది ఇంకో అభ్యంతరం. వెతుకుతూనే ఉన్నారు. ఎబోలా మీద ప్రయత్నించిన రెమ్‌డెసివిర్‌ను కోవిడ్‌కూ వాడారు. అప్పుడు దానికోసం జనం పడిన పాట్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఆసుపత్రిలో చేరినవారి మరణాలను అది పెద్దగా తగ్గించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన సాలిడారిటీ పరీక్షల్లో తేలింది. యాంటీబయోటిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు: అది దెబ్బతీసే బ్యాక్టీరియా గోడ గానీ, రైబోజోము గానీ వైరస్‌కు లేనే లేవు.

మళ్లీ డెంగీ దగ్గరికే వస్తే, మన రాయలసీమలో నీళ్లు రోజూ రావు గనక తొట్లలో, డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటాం. డెంగీ దోమ ఆ మంచినీళ్లలోనే పెరుగుతుంది. నీటిమట్టానికి కాస్త పైన, తొట్టి గోడకు నల్లటి గుడ్లు పెడుతుంది. అవి నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, వారానికొకసారి గోడను రుద్ది కడగాలి. డెంగీకి మందు ఇంకా లేదు గానీ, ఆ వైరస్ కణందాకా వచ్చే దారి మన పెరట్లోనే ఉంది. ఈ మాట మీ ఇళ్లలో మీరే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే యాంటీబయోటిక్ కోసం మందుల షాపుకు పరుగెత్తకండి. అది ఏ జ్వరమో పరీక్ష చేయించమని డాక్టరును అడగండి.